గోజో మీద ఎర్ర చుక్క

ఆ గురువారం పొద్దున గ్రెత్సియు చెఫాయ్ వేసుకున్న పథకంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. పదింటికల్లా ప్రపంచ పటం మేడమ్ బల్ల మీద పెట్టాలి. పదిన్నరకు ఆవిడ చేత బదిలీ కాగితం మీద సంతకం పెట్టించుకోవాలి. పదకొండుకు ఆ కాగితాన్ని సిబ్బంది విభాగం కిటికీలో ఇచ్చెయ్యాలి. వేసవి ఒంటిపూట ఆఫీసులు కనుక ఒకటిన్నరకు బయటపడి, ఇంటికి పోయి, పెళ్ళాం ఎదురుగా కూర్చుని వేడివేడిగా కుందేలు కూర తినాలి. ఇరవై ఆరేళ్ళ ఉద్యోగంలో ఇంత సుఖమైన పథకం ఆయన ఎప్పుడూ వేసుకోలేదు. అందుకే కాబోలు, పడవ మీద నిలబడి గ్లాసులో టీ తాగుతున్నంతసేపూ లోపల ఎక్కడో గుబులుగానే ఉంది.

గ్రెత్సియు ఇల్లు గోజోలో, ఆఫీసు మాల్టాలో. రెండూ ఒకే దేశంలోని ద్వీపాలే, మధ్యలో సముద్రం. ఆ సముద్రం చూడటానికి ఇంతే ఉంటుంది. ఈ ఒడ్డున నిలబడితే అవతలి ఒడ్డున ఎవరి బట్టలు ఆరేశారో చెప్పవచ్చు. కానీ ఆర్బ్ గ్రామంలో నాలుగింటికి లేచి, గోజో పట్టణమైన రబాత్‌కు ఒక బస్సు, రేవుకు ఇంకో బస్సు, ఆపైన పడవ, అవతల రాజధాని వాలెట్టాకు గంటకు పైగా ఈడ్చుకుంటూ పోయే మరో బస్సు ఎక్కి, మనిషి తన కుర్చీలో కూలబడేసరికి రెండున్నర గంటలు. తిరిగి వెళ్ళేటప్పుడూ అంతే. వాలెట్టాకే నేరుగా వచ్చే వేగం పడవ ఒకటి ఉంది గాని, అది ఎక్కితే ఆయన కడుపులో ఉన్నదంతా ఆయన కంటే ముందే దిగిపోతుంది.

గోజోలో పుట్టి మాల్టాలో నౌకరీ చేసేవాడికి బతుకులో కోరిక ఒకటే: గోజోకు బదిలీ. రబాత్‌లో ఉన్న గోజో శాఖలో పదకొండేళ్ళుగా ఒక్క కుర్చీ కూడా ఖాళీ కాలేదు. చివరికి అక్కడ ఒకాయన మొన్న ఈస్టరుకు పదవీ విరమణ చేశాడు. దరఖాస్తుకు గడువు ఈ రోజు ఒకటిన్నర. పై అధికారి సంతకం లేని కాగితం చెల్లదు. పై అధికారేమో రేపటి సమావేశం అయ్యాక సంగతి చూద్దామని రెండు వారాలుగా పెన్ను తీయడం లేదు. రేపటికి గడువు ఉండదని గ్రెత్సియు మూడుసార్లు చెప్పాడు. మూడుసార్లూ ఆవిడ "ముందు పటం, తర్వాత సంతకం" అంది.

ఆ పై అధికారి పేరు మార్తీజ్ గ్రీమా. ప్రపంచ పోలికల విభాగానికి అధిపతి. విభాగం అంటే మరీ పెద్దదేం కాదు: ఆవిడ, గ్రెత్సియు, స్పీరు అనే మరో ఉద్యోగి, వేసవిలో పనిచెయ్యని ఒక చల్లగాలి యంత్రం. మిగతా ప్రపంచంతో పోలిస్తే మాల్టా ఎక్కడుందో లెక్కలు తీసి చెప్పడం వీళ్ళ పని. రేపు వాలెట్టాలో ద్వీపాల సమావేశం. బ్రస్సెల్స్ నుంచి పెద్దలు వస్తున్నారు. హాల్లో వాళ్ళ కళ్ళెదుట నాలుగు మీటర్ల ప్రపంచ పటం వేలాడాలి. ఏ దేశంలో మనిషి ఏడాదికి ఎన్ని గంటలు ఉద్యోగానికి పోయి రావడంలో తగలేస్తున్నాడో ఆ పటం రంగుల్లో చూపించాలి.

ఈ విషయం మీద పటం గీయమని గ్రెత్సియుకు అప్పజెప్పిన వాళ్ళకు అందులో వెటకారం ఏమీ తోచలేదు. ఒక ఫైలులో దేశాల సరిహద్దు గీతలు, ఇంకో ఫైలులో దేశాల అంకెలు. ప్రతి దేశానికీ మూడక్షరాల గుర్తు. గుర్తుకు గుర్తు జతచేసి లెక్కల ప్రోగ్రాంకు ఇస్తే, తక్కువ గంటల దేశాలకు మీగడ రంగు, ఎక్కువ గంటల దేశాలకు ముదురు ఎరుపు అదే పూస్తుంది. చెప్పడానికి ఇంతే గాని, ఒక్కో దేశం రెండు ఫైళ్ళలో రెండు పేర్లతో ఉండటం వల్ల మూడు వారాలు పట్టింది. చివరికి నూట నలభై రెండు దేశాలు బుద్ధిగా రంగు పూసుకుని నిలబడ్డాయి. ఆయన దాన్ని ఒక పెద్ద కాగితం మీద అచ్చు తీసి పదింటికి ఐదు నిమిషాలుండగా మేడమ్ బల్ల మీద పరిచాడు. పక్కన బదిలీ కాగితం పెట్టాడు.

మార్తీజ్ పటాన్ని ఎడమ నుంచి కుడికి చూసింది. కుడి నుంచి ఎడమకు చూసింది. కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకుంది.

"బావుందయ్యా. మరి మనం ఏం?"

"ఎవరం మేడమ్?"

"మనమయ్యా! మాల్టా! నువ్వూ నేనూ కూర్చుని ఉన్న దేశం!"

గ్రెత్సియు వంగి చూశాడు. ఇటలీ బూటు ఉంది. దాని కింద సిసిలీ ఉంది. దాని కింద ఆఫ్రికా దాకా నీలంగా సముద్రం ఉంది. ఆయన వాడిన సరిహద్దుల ఫైలు గోడ పటాలకోసం తేలిక చేసింది. అలా తేలిక చేసేటప్పుడు మరీ చిన్న దేశాలను ఏరి పారేస్తారు. తానుంటున్న దేశం పటంలో లేదన్న సంగతి ఆయన మూడు వారాలుగా గమనించనే లేదు. నిజం చెప్పాలంటే, ప్రపంచ పటంలో మాల్టా కనిపించకపోవడం మాల్టాలో ఎవరికీ కొత్త కాదు.

"అంకెల్లో ఉన్నాం మేడమ్," అన్నాడు నసుగుతూ. "గీతల్లో లేం."

"అంకెల్లో ఉంటే ఎవడిక్కావాలి? మన డబ్బుతో, మన హాల్లో, మన గోడ మీద మనం లేని లోకాన్ని తగిలిస్తామా? సిగ్గు పోదూ! తీసుకెళ్ళు. ఇదీ తీసుకెళ్ళు," అని బదిలీ కాగితాన్ని కూడా పటం మీద పడేసింది.

గ్రెత్సియు తన బల్ల దగ్గరికి వచ్చి ఇంకా సూక్ష్మంగా గీసిన సరిహద్దుల ఫైలు తెరిచాడు. కంప్యూటర్ ఇరవై నిమిషాలు మూలిగింది. నార్వే తీరంలో ఒక్కో పగులూ విడివిడిగా గీసుకుంటూ అది చివరికి మాల్టా దాకా వచ్చి ఈగ కాలంత మచ్చ ఒకటి పెట్టింది. అచ్చు తీసి పట్టుకెళితే మార్తీజ్ దాన్ని గోటితో గీకి చూసింది.

"ఇది దేశమా, సిరా ఒలికిందా?"

"దేశమే మేడమ్. ఉన్నది ఉన్నట్టు గీస్తే అంతే వస్తుంది."

"ఉన్నది ఉన్నట్టు గీయమని నిన్నెవరడిగారయ్యా? కనపడాలి, అంతే."

జున్ను కూరిన పస్తిత్సీ పొరలు కీబోర్డు మీద రాల్చుకుంటూ తింటున్న స్పీరు తల తిప్పకుండానే ఉపాయం చెప్పాడు. "వృత్తం పెట్టెయ్ గురూ. చిన్న దేశాలకి అందరూ అదే చేస్తారు. గుండ్రంగా ఒకటి గీసి మన రంగు నింపు. ఎవడూ కొలతబద్ద పట్టుకుని రాడు."

స్పీరు వాలెట్టాకు ఎదురొడ్డున ఉన్న బీర్గు వాడు. ఇంటి నుంచి ఆఫీసుకు నావలో పదిహేను నిమిషాలు. అందుకే ఏ పనీ అతనికి పెద్దదిగా కనిపించదు. గ్రెత్సియు వృత్తం పెట్టాడు. మేడమ్ పెద్దది చెయ్యమంది. చేశాడు. ఇంకొంచెం అంది. ఆ ఇంకొంచెంలో సిసిలీ కింది సగం వృత్తం కిందికి పోయింది.

"మేడమ్, సిసిలీని తినేశాం."

"పోనీలే. వాళ్ళది పెద్ద ద్వీపం, ఓ ముక్క పోతే తెలీదు," అంది మార్తీజ్. ఆ ఉదయం ఆవిడ ముఖంలో మొదటిసారి ప్రసన్నత కనిపించింది. పెన్ను మూత కూడా తీసింది.

సరిగ్గా అప్పుడే గ్రెత్సియు జేబులో ఫోను మోగింది. ఇంటి నుంచి పెళ్ళాం దుమింకా. ఆవిడ గొంతు మేడమ్ దాకా వినిపించింది. "అయిందా?" "అవుతోంది." "అవుతోందని ఎనిమిదింటికీ చెప్పావు. కుందేలు పొయ్యి మీద పెట్టేదా, మానేదా?" "పెట్టు." "పెడతా. ఇవాళ కూడా ఒక్కదాన్నే తిన్నానంటే మాత్రం, చూసుకో మరి." పాతికేళ్ళ కాపురంలో ఆ ఇద్దరూ పగటి భోజనం కలిసి చేసింది ఆదివారాలూ పండగలూ మాత్రమే. మిగతా రోజుల్లో ఆయన ఇంటికి వచ్చి సూపు గిన్నె ముందే నిద్రపోతాడు. ఆవిడ చెంచా తీసి పక్కన పెట్టి, ఆయన్ని లేపి మంచం దాకా నడిపిస్తుంది. ఆ చెంచా సంగతి తలచుకుంటే గ్రెత్సియుకు తన మీద తనకే జాలి వేస్తుంది.

ఆయన ఫోను జేబులో పెట్టుకునేలోగా తలుపు తోసుకుని తుమాస్ రఫాలో వచ్చాడు. పార్లమెంటు సభ్యుడు, రేపటి సమావేశానికి సారథి, అన్నింటినీ మించి గోజో మనిషి. మనిషి కంటే ముందు గొంతు వస్తుంది. గోజోకు సముద్రం కింద సొరంగం తవ్వాలని ఆయన పదేళ్ళుగా అరుస్తున్నాడు. పటం సిద్ధమైందో లేదో చూసి పోదామని వచ్చి, బల్ల మీద కాగితం మీదికి వంగాడు.

"ఈ గుండ్రం ఏమిటి?"

"మాల్టా సార్," అంది మార్తీజ్ గర్వంగా.

"సరే. గోజో ఏది?"

"అందులోనే ఉంది సార్. లోపల."

"లోపలంటే?" తుమాస్ నడుం నిటారుగా చేశాడు. "లోపల ఎక్కడమ్మా? వంటింట్లోనా? మా ద్వీపానికి వేరే ఒడ్డుంది, వేరే గుళ్ళున్నాయి, వేరే ఉల్లిపాయలున్నాయి. రేపు నేను మాట్లాడబోయేదే గోజో గురించి. వెనక పటంలో గోజో లేకపోతే నేను చెయ్యి ఎటు చూపించాలి? ఏమయ్యా చెఫాయ్, నువ్వు ఆర్బ్ వాడివి కదూ? మీ అమ్మ లేసులు అల్లేది, నాకు తెలుసు. నీ చేత్తో నువ్వే గోజోని మింగించావా?"

ఆ మాట గ్రెత్సియుకు గట్టిగానే తగిలింది. ఆయన ఆ ఉదయం అలసటలో చేసిన తప్పు ఏదైనా ఉందంటే ఇదొక్కటే: మేడమ్ వైపు చూడకుండా, అభిమానం కొద్దీ నేరుగా వెళ్ళి దేశాల పట్టిక చివర్లో ఇంకో వరుస చేర్చాడు. పేరు దగ్గర గోజో అని రాశాడు. మూడక్షరాల గుర్తు అడిగితే తనే ఒకటి పుట్టించి ఇచ్చాడు. ప్రోగ్రాం మారు మాట లేకుండా ఒప్పుకుంది. నూట నలభై నాలుగు దేశాలని లెక్క చెప్పి, మాల్టా వృత్తం భుజం మీద చిన్న వృత్తం ఒకటి బూడిద రంగులో కూర్చోబెట్టింది.

"బూడిదేమిటి?" అన్నాడు తుమాస్.

"అంకె ఇవ్వలేదు సార్. అంకె లేని చోట ప్రోగ్రాం బూడిద పూస్తుంది. సమాచారం లేదని."

"సమాచారం లేదా? మేం చచ్చామా? అంకె వెయ్యి. పన్నెండున్నరకల్లా అచ్చుకి పోవాలి. నేను హాల్లో ఉంటా," అని ఆయన ఎలా వచ్చాడో అలాగే వెళ్ళిపోయాడు. గొంతు మాత్రం మెట్ల మీద కాసేపు ఉండిపోయింది. మేడమ్ పెన్ను మూత బిగించి ఆయన వెంటే హాలుకు పోయింది.

అప్పటికి పన్నెండూ పది. సిబ్బంది విభాగం వాళ్ళు ఒంటిపూట రోజుల్లో ఒంటిగంటకే కిటికీ మూసేసి తాళాలు వెతుక్కుంటారని వినికిడి. గ్రెత్సియు రెండు అంతస్తులు దిగి వెళ్ళి, ఒకటిన్నర దాకా కిటికీ తెరిచి ఉంచమని అక్కడి ఆవిడను బతిమాలాడు. ఆవిడ గోళ్ళ రంగు ఆరబెట్టుకుంటూ, ఒకటిన్నర అంటే ఒకటిన్నరే, ముప్పై ఒకటి కాదని చెప్పింది. ఆ మాత్రానికే ఆయనకు ప్రాణం లేచివచ్చింది. తిరిగి రెండు అంతస్తులు ఎక్కేసరికి స్పీరు చేతులు దులుపుకుంటున్నాడు.

"అయిపోయింది గురూ. నీ గోజో అంకె తీశా, పటంలో వేశా, అచ్చుకి పంపా. ఒక్క లైను రాశానంతే. మన సర్వే ఫైల్లోంచి గోజో వాళ్ళని వడకట్టి సగటు తియ్యమన్నా."

"ఎంతొచ్చింది?"

"వెయ్యిన్నూట డెబ్బై అయిదు."

గ్రెత్సియు కుర్చీలో కూర్చున్నాడు. తెర వైపు చూశాడు. ప్రపంచంలో రంగు లేదు. పొద్దున ఎర్రగా, నారింజగా, గోధుమగా వెలిగిన దేశాలన్నీ పథ్యం తిన్న రోగుల్లా పాలిపోయి ఉన్నాయి. ప్రోగ్రాం అతి తక్కువ అంకె నుంచి అతి ఎక్కువ అంకె దాకా రంగుల మెట్లు తనే సర్దుకుంటుంది. నిన్నటి దాకా అన్నిటికంటే పెద్ద అంకె నాలుగు వందలు కూడా లేదు. ఇప్పుడు పై మెట్టు మీద వెయ్యిన్నూట డెబ్బై అయిదు కూర్చునేసరికి మిగతా లోకమంతా కింది మెట్టు మీద ఒకరి మీద ఒకరు పడింది. చైనాకూ మాల్టాకూ రంగులో తేడా లేదు. మధ్యధరా సముద్రం నడుమ ఒకే ఒక్క చుక్క, ఎండిన నెత్తురంత ఎర్రగా ఉంది.

"నీకు ఎక్కువనిపించలేదా?" అన్నాడు నీరసంగా.

"గోజో కదా, దూరమేగా," అన్నాడు స్పీరు. అతను గోజో వెళ్ళి ఆరేళ్ళయింది. మాల్టా వాళ్ళ దృష్టిలో గోజో, చంద్రుడు ఇంచుమించు ఒకే దిక్కున ఉంటాయి.

కానీ గ్రెత్సియుకు ఆ అంకె తెలుసు. రోజుకు ఐదు గంటలు, ఏడాదికి రెండు వందల ముప్పై అయిదు పని దినాలు. మార్చిలో ఆ లెక్క ఆయనే వేశాడు. సర్వే ఫైలు తెరిచి చూశాడు. గోజో నుంచి వచ్చిన పత్రాలు ముప్పై ఏడు. అందులో ముప్పై ఆరింటిలో ప్రయాణపు గంటల గడి ఖాళీగా ఉంది. మాల్టా నుంచి వచ్చి, మీరు పొద్దున్నే ఎక్కడికి పోతారు, ఎప్పటికి వస్తారు అని అడిగేవాడికి గోజోలో ఏ ఇల్లాలూ జవాబు చెప్పదు. కాఫీ ఇస్తుంది, పెరట్లో కూర్చోబెట్టి జున్ను పెడుతుంది, అడిగిన దానికి మాత్రం "ఎందుకూ?" అంటుంది. గడి ఖాళీగా ఉన్న పత్రాలను ప్రోగ్రాం చప్పుడు చెయ్యకుండా పక్కకు నెట్టి, మిగిలిన వాటితో సగటు తీసింది. మిగిలింది ఒక్కటే. అది కొత్త ప్రశ్నావళి సరిగా పనిచేస్తోందో లేదో చూడటానికి ఆఫీసులో నింపిన నమూనా. కొత్త ప్రశ్నావళి వచ్చిన ప్రతిసారీ ఆ విభాగంలో గోజో నమూనా కింద గ్రెత్సియునే కూర్చోబెట్టి నింపిస్తారు. ఇంకో గోజో వాడు ఆఫీసులో లేడు. పని అయ్యాక ఆ పత్రం తీసెయ్యాలి. ఎవరూ తీయలేదు.

"స్పీరూ, ఇది నేను."

"ఏది?"

"ఈ చుక్క. గోజో కాదిది. నేనే."

స్పీరు తెర దగ్గరికి ముఖం పెట్టి చూసి, చాలాసేపు ఆలోచించి, "ఎర్రగా బావున్నావు గురూ," అన్నాడు.

గ్రెత్సియుకు నవ్వు రాలేదు. ఇరవై ఆరేళ్ళ పడవలూ బస్సులూ, కిటికీ అద్దాలకు తల ఆనించి తీసిన కునుకులూ, చల్లారిన సూపులూ అన్నీ కలిపి ముద్ద చేస్తే ఆ రంగు వస్తుందన్న మాట. ప్రపంచంలో ఇంకెవరూ దరిదాపుల్లో లేరు. ఆయనకు ఏడుపు వచ్చినంత పనైంది. ఏడవడానికి టైము లేదు. అచ్చు ఆపించాలని ఫోను తీస్తే, పటం ఎప్పుడో హాలుకు వెళ్ళిపోయిందని అచ్చువాళ్ళు చెప్పారు. బదిలీ కాగితం మడిచి జేబులో పెట్టుకుని, మిట్ట మధ్యాహ్నం ఎండలో వాలెట్టా మెట్ల వీధులు ఎక్కుతూ పరిగెత్తాడు.

హాల్లోకి అడుగుపెట్టేసరికి ఒంటిగంట దాటి ఐదు నిమిషాలు. నాలుగు మీటర్ల పటాన్ని అప్పటికే గోడకు ఎక్కించేశారు. నాలుగు మీటర్ల మీద ఆ చుక్క గుమ్మడికాయంత ఉంది. కింద ప్రోగ్రాం తనంతట తాను రాసుకున్న వాక్యం పెద్ద అక్షరాల్లో ఉంది: ప్రయాణ భారంలో 144 దేశాలలో మొదటి స్థానం గోజో. తుమాస్ రఫాలో దాని ముందు చేతులు కట్టుకుని, పూజ దగ్గర నిలబడ్డంత నిశ్శబ్దంగా నిలబడ్డాడు. ఆయన అంత నిశ్శబ్దంగా ఉండటం అక్కడ ఎవరూ ఎన్నడూ చూడలేదు.

మార్తీజ్ గ్రెత్సియును స్తంభం చాటుకు లాక్కుపోయింది. "ఏమిటయ్యా ఇది? గోజోని దేశం చేసేశావు, సరే, దాని సంగతి తర్వాత చూస్తా. ఆ అంకె ఎక్కడిది?"

"నాది మేడమ్."

"నీదేమిటి?"

"నమూనా పత్రం తీసెయ్యలేదు. మిగతా వాళ్ళెవరూ జవాబు చెప్పలేదు. గోజో మొత్తానికి నేనొక్కణ్ణే మేడమ్."

మార్తీజ్ ముఖంలో నెత్తురు చుక్క లేదు. పటం దించితే గోడ ఖాళీ. సాయంత్రం ఐదింటికి బ్రస్సెల్స్ వాళ్ళు హాలు చూడటానికి వస్తారు. కొత్తది అచ్చు వెయ్యాలంటే ఒంటిపూట రోజున వాలెట్టాలో ఒకటిన్నర తర్వాత ఒక్క షాపు తీసి ఉండదు. ఆవిడ వేళ్ళు మడుస్తూ తెరుస్తూ ఉండిపోయింది. అప్పుడు గ్రెత్సియు జీవితంలో మొదటిసారి పై అధికారికి తనంతట తాను ఉపాయం చెప్పాడు.

"మేడమ్, నన్ను గోజోకి బదిలీ చేసెయ్యండి. ఆఫీసు ఇంటికి పది నిమిషాలు. సోమవారం నుంచి నా గంటలు వందలోపు పడతాయి. గోజో అంకె కూడా దాంతోనే పడిపోతుంది. ఎవరైనా అడిగితే, సమస్య గుర్తించాం, పరిష్కరించాం అని చెప్పుకోవచ్చు."

మార్తీజ్ ఆయన వంక ఎగాదిగా చూసింది. ఇన్నేళ్ళలో ఈ మనిషికి నోరుందని ఆవిడకు తెలియదు. "ఇన్నాళ్ళూ ఈ తెలివి ఎక్కడ దాచావయ్యా," అంటూ కాగితం లాక్కుని, స్తంభానికి ఆనించి, పెన్ను తీసింది. ఒంటిగంటా పదిహేను. సిబ్బంది విభాగానికి పరుగు పెడితే తొమ్మిది నిమిషాలు. గ్రెత్సియు అప్పుడే తలుపు వైపు తిరిగాడు. కుందేలు కూర వాసన ముక్కుకు తగిలినట్టే అయింది.

"ఆ అంకె నిజమేనా?" తుమాస్ గొంతు వెనక నుంచి వచ్చింది. ఆయన కళ్ళు చెమర్చి ఉన్నాయి. "వెయ్యిన్నూట డెబ్బై అయిదు! పదేళ్ళుగా నేను మొత్తుకుంటున్నది ఇదే కదమ్మా! ఒక్కడు నమ్మలేదు. దీన్ని తగ్గించడానికి ఏం చెయ్యాలో రేపు వాళ్ళ ముందు నిలదీస్తాను!"

అక్కడ మార్తీజ్ నోరు మూసుకుని సంతకం పెట్టేసి ఉంటే ఈ కథ లేదు. కానీ పార్లమెంటు సభ్యుడి ముందు పని చేసి చూపించే అవకాశం ఎదురుగా నిలబడితే, ఏ అధికారి చెయ్యీ నోటిని దాటి ముందుకు పోదు.

"అప్పుడే తగ్గించేస్తున్నాం సార్!" అంది కాగితం ఊపుతూ. "ఇదిగో, ఈయన బదిలీ. నేను సంతకం పెట్టడమే తరువాయి. సోమవారానికి గోజో వందలోకి వచ్చేస్తుంది. మాల్టా కంటే తక్కువ! మీగడ రంగు!"

తుమాస్ ఆ కాగితం వంకా పటం వంకా చూశాడు. తర్వాత అర్థమైంది. ఒక చెయ్యి గుండె మీద వేసుకుని, ఇంకో చేత్తో మార్తీజ్ పెన్ను పట్టుకున్నాడు.

"మీగడ రంగా? మతి ఉందా అమ్మా నీకు? అంకె వందకి పడితే సొరంగం ఎవడు తవ్వుతాడు? రేపు పొద్దున నేను చెయ్యి దేనివైపు చూపించాలి?"

"సార్, అది ఒక్క మనిషి లెక్క సార్," అన్నాడు గ్రెత్సియు. "నేనొక్కణ్ణే."

"ఒక్కడివైతే ఏం నాయనా? గోజో వాడి గోడు ఒకడిదైతే గోడు కాదా?" తుమాస్ ఆయన్ని రెండు భుజాలూ పట్టుకుని గుండెకు హత్తుకున్నాడు. "రోజుకి ఐదు గంటలు! ఇరవై ఆరేళ్ళు! నీలాంటి వాడి కోసమే కదూ నేను ఇన్నాళ్ళూ గొంతు చించుకుంది! సొరంగం వచ్చే దాకా నిన్ను మాల్టా నుంచి అంగుళం కదలనివ్వను. మరియమ్మ తల్లి మీద ఒట్టు."

"సొరంగం ఎప్పటికొస్తుంది సార్?"

"పదిహేనేళ్ళు. అన్నీ కలిసొస్తే," అన్నాడు తుమాస్ ధైర్యం చెబుతున్నట్టు.

గ్రెత్సియు మార్తీజ్ వంక చూశాడు. మార్తీజ్ గోడ వంక చూసింది. తర్వాత కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, ఎంతో మర్యాదగా ఆయన చొక్కా జేబులో తనే పెట్టింది. బయట ఎవరో తలుపులు మూసుకుంటూ పోతున్న చప్పుళ్ళు వినిపించాయి. ఒకటిన్నర అయింది.

ఆ సాయంత్రం బస్సు ఆలస్యమైంది, ఒక పడవ తప్పిపోయింది. ఆయన ఇంట్లో అడుగుపెట్టేసరికి దుమింకా బల్ల దగ్గరే కూర్చుని ఉంది. కుందేలు కూర మూతపెట్టి ఉంది. ఆవిడ తినలేదు. ముఖం చూడగానే సంగతి తెలిసిపోయింది గాని, అడగకుండా ఉండలేకపోయింది.

"ఎందుకు కాలేదు?"

"నేను లేకపోతే గోజో పాలిపోతుందట."

ఆయన ఉన్నదంతా చెప్పాడు. మధ్యలో రెండుసార్లు ఆవిడ చేతి తువ్వాలులో ముఖం దాచుకుంది. ఏడుస్తోందనుకున్నాడు. చూస్తే నవ్వుతోంది. నవ్వి నవ్వి, చివరికి నిజంగానే ఏడ్చింది. "నూట నలభై నాలుగు దేశాల్లో ఫస్టు వచ్చిన మొగుడు ఎంతమందికి దొరుకుతాడు," అని ముక్కు తుడుచుకుని కూర వడ్డించింది. అదీ చల్లారిపోయే ఉంది. ఇద్దరూ కలిసి తిన్నారు. ఆయన చివరి ముద్ద దాకా మెలకువగా ఉన్నాడు.

రబాత్ కుర్చీ స్పీరుకు వచ్చింది. అతను ఊరికే, ఓ రాయి వేసి చూద్దామని పెట్టుకున్న దరఖాస్తు మీద మేడమ్ ఎప్పుడో సంతకం పెట్టి పంపేసింది. అతను సముద్రం ఒడ్డున ఒక గది అద్దెకు తీసుకుని, ఆఫీసుకు స్కూటరు మీద ఏడు నిమిషాల్లో పోతున్నాడు. వారానికోసారి ఈత కొడుతున్న ఫోటో పంపుతాడు. సమావేశంలో తుమాస్ చెయ్యి చూపించి మాట్లాడిన తీరు అందరికీ నచ్చింది. సొరంగం గురించి ఆలోచించడానికి ఒక సంఘం వేశారు. గోజో అంకెను మాత్రం ఏటా తప్పనిసరిగా కొలవాలని తీర్మానించి, నమూనా మార్చితే పాత అంకెతో పోల్చడానికి వీలుండదని, అదే నమూనాను కొనసాగించారు. ప్రతి మార్చిలో గ్రెత్సియు పత్రం నింపుతాడు.

ఈ ఏడాది గోజో అంకె ఇరవై గంటలు పెరిగింది. కారణాలు వెతకడానికి బ్రస్సెల్స్ నుంచి ఇద్దరు నిపుణులు వచ్చారు. గ్రెత్సియుకు మోకాలు నొప్పి.